పొయ్యి వెనక దారి

జాగ్రెబ్ ఎగువ పట్టణంలో పన్నెండు కొట్టగానే
బురుజు మీద ఫిరంగి పేలుతుంది, రోజూ.
పావురాలు రోజూ ఉలిక్కిపడతాయి.
వ్యేకొస్లావ్ మాత్రం తాపీ కిందపెట్టి
రొట్టె మూట విప్పుతాడు.

ఈ కొండమీద అతనికిది పదకొండో మేడ.
భూకంపం వచ్చిపోయి మూడేళ్ళు.
పగుళ్ళు లెక్కపెట్టడానికే రెండేళ్ళు పట్టింది,
డబ్బు ఎవరిస్తారో తేలడానికి ఇంకొకటి.

రుషేవెచ్కీ ప్రభువుల ఇల్లు.
గుమ్మం మీద రాతి డాలు, డాలులో ముక్కు విరిగిన కొంగ.
ఎనిమిది తరాల పటాల్నీ దించి
ముఖాలు గోడకి తిప్పి నిలబెట్టారు.
బడిలో శిక్షపడ్డ పిల్లల్లా ఉన్నారు ప్రభువులు,
వీపుల నిండా మేకులూ సాలెగూళ్ళూ.

పెద్ద హాలు మూలన తెల్ల పలకల పొయ్యి
ఇద్దరు మనుషుల ఎత్తు.
ఎటు చూసినా దానికి తలుపు లేదు,
కట్టె పెట్టే నోరు లేదు, బూడిద రాలే చోటు లేదు.
వెచ్చదనం దానంతటదే పుడుతుందని
అతిథులు అనుకోవాలి మరి.

"నోరు వెనకుంటుంది," అంటాడు వ్యేకొస్లావ్,
పుచ్చకాయ చూసినట్టు
వేలి కణుపుతో గోడమీద కొట్టి.
డొల్ల.

సున్నం పెళ్ళలు తీస్తే, దారి.
మనిషి పక్కకి తిరిగితేనే పట్టే దారి.
వంటింటి మెట్ల నుంచి బయల్దేరి
ఒక్కో గదికీ వీపు వెనగ్గా మేడంతా చుట్టే దారి.
భుజాలు ఒరుసుకున్న ఎత్తున
మసిగోడ నున్నగా, చేప వీపులా మెరుస్తోంది.

ఒకచోట ఆ నునుపు కిందికి దిగింది.
ఇక్కడ పనిచేసింది చిన్నపిల్ల.

స్మిల్యానా దీపం దగ్గరగా పట్టింది.
పురావస్తు శాఖ మనిషి, ఉద్యోగానికి కొత్త,
చంకలో ఇంకా ఎవరూ సంతకం పెట్టని కాగితాలు.
బొగ్గు రాతలు.
జు సువి. తు ఎ. ఇలే.
చెవికి తోచినట్టు, వంకర టింకరగా.

పొయ్యికి అటువైపు దొరసాని పంతులమ్మ ఎవరో
ప్రభువుల పిల్లలకి ఫ్రెంచి చెబుతోంది:
నేను ఉన్నాను. నువ్వు ఉన్నావు. అతను ఉన్నాడు.
ఇటువైపు నిప్పు ఎగదోస్తూ ఒక పిల్ల
పలకల సందుల్లోంచి కారిన చదువుని
కారినచోటే పట్టుకుంది.
పేరు యాల్జా కావచ్చు, బారిత్సా కావచ్చు.
ఇంటి ఖర్చుల చిట్టాలో
కొవ్వొత్తులకీ ఉప్పుకీ మధ్య ఉంది:
"పొయ్యి పిల్ల, ఒకటి."

నాలుగో వరసలో ఒక్కటే మాట. ను.
ఆ తర్వాత బొగ్గుగీత కిందికి జారిపోయింది.
ఎవరైనా పిలిచారా, కట్టెలు అయిపోయాయా,
అవతల పాఠమే ఆగిందా.

నేను రాస్తున్న భాషలో
అక్కడ ఆగడం కుదరదు.
మాకు ఆ మాట రెండుగా ఉంది.
గోడకి అటువాళ్ళని కలుపుకుంటే మనం,
వదిలేస్తే మేము.
ఏదో ఒకటి అనాల్సిందే, నోరు తెరిచాక.
ఆ పిల్ల ఏది అనబోయిందో
ఎంత వెతికినా
ఆ మాటకి ముందువైపు తలుపు లేదు.

స్మిల్యానా ఇరవై ఏడు ఫొటోలు తీసింది.
పై అధికారి ఫోనులో అడిగాడు,
ఆ సందులోంచి గాలిగొట్టం వెళ్తుందా, వెళ్ళదా?
"వెళ్తుంది. కొంచెం వంగాలి," అన్నాడు వ్యేకొస్లావ్.
సుద్దముక్కతో గుర్తు పెట్టాడు, రాతలకి జానెడు పైన.
చెరిపి, మూరెడు పైన పెట్టాడు.

పొద్దు వాలేముందు పొయ్యి రాజేసి చూడాలి,
పొగ ఎటు పోతుందో.
పదిమంది పనివాళ్ళలో ఒక్కడూ ఆ సందులో పట్టడు.
"నేను పెట్టనా?" అంది స్మిల్యానా.
అతను ఆమె భుజాలు చూశాడు,
దారి వెడల్పు చూశాడు.
"కోటు విప్పి రా."